ఎఫ్ వరస, పదకొండో కుర్చీ

ఫిషింగ్ హార్బరు వెనక, ఐసు ఫ్యాక్టరీ మేడ మీద
అరవై రెండు కుర్చీల హాలు మాది.
మెట్ల కింద గది నాది.
ఇప్పటికీ వాన పడితే
మొదటి రెండు వరసల్లో వంజరం వాసన.

మార్చి నెలాఖరున తాళం వేశాం.
మర్నాడే మళ్లీ నేనే తీశాను.
సముద్రం పక్కన మూసిన గదికి
మూడు రోజులు చాలు, బూజు తెరెక్కడానికి.
రోజూ ఫ్యాన్లు వేసి
ఒక్కో కుర్చీ దించి, ఎత్తి,
ఎవరికో చోటిస్తున్నట్టు.

సుగుణాంబ గారు ఫోన్ చేశారు.
"ఎల్లాజీ, శుక్రవారం బొమ్మ వేద్దాం.
లింకు పంపుదాం. టిక్కెట్టు యాభై.
ఉన్నవాళ్లు ఇస్తారు, లేనివాళ్లు ఊరికే చూస్తారు."
నాకు తెలిసిన లింకు సైకిలు గొలుసుకి ఉండేదే.
సరే, ఇదీ గొలుసే అనుకున్నాను.

ఏడు గంటలకి
లాప్‌టాప్ ముందు నేను, వెనక ఖాళీ హాలు.
ఒక్కొక్కరూ పెట్టెల్లో వెలిగారు.
జ్ఞానాపురం నుంచి విక్టోరియా టీచరు,
ఓల్డ్ పోస్టాఫీసు దగ్గర గడియారాలు బాగుచేసే ఖుద్దూస్ గారు,
రేవు బయట లంగరేసిన ఓడలోంచి
ఒడ్డుకి దిగనివ్వని వంటవాడు:
"మీ ఊరి దీపాలు కనిపిస్తున్నాయి,
సిగ్నలే అందట్లేదు."

అలవాటు చావదు కదా.
కొత్త పేరు పడ్డప్పుడల్లా
పాత పుస్తకంలోంచి ఒక టిక్కెట్టు చింపాను.
సగం వాళ్లకి, సగం మాకు.
రెండు సగాలూ నా బల్ల మీదే.

బొమ్మలో పెద్ద కథేం లేదు.
ఒక గొడుగు, ఇద్దరన్నదమ్ములు, వదలని ముసురు.
తెర మీద వాన కురుస్తుంటే
ఎవరి మైకో తెరిచి ఉండి
కుక్కరు మూడు కూతలు కూసింది.
"ఇక దించెయ్యండమ్మా" అన్నారు ఖుద్దూస్ గారు.
అందరూ నవ్వారు. వినబడలేదు.
పంతొమ్మిది నోళ్లు
గాజుతొట్టిలో చేపల్లా
తెరుచుకుని మూసుకున్నాయి.

అప్పుడు కనబడ్డాడు భూలోక.
బొగ్గు లారీ డ్రైవరు.
నాలుగేళ్లుగా ప్రతి శుక్రవారం
ఎఫ్ వరస, పదకొండో కుర్చీ.
ఒక్క బొమ్మా పూర్తిగా చూసినవాడు కాదు,
పేర్లు పడకముందే నిద్ర.
"ఇంటికాడ ఒకటే గది, నలుగురు గుంటలు.
ఇక్కడైతే సల్లగా ఉంటాది, బావా."
బొమ్మ అయ్యాక టార్చి వేసి
(మొహం మీద కాదు, కాలి బొటనవేలి మీద)
లేపడం నా డ్యూటీ.

ఇవాళ అతని పెట్టెలో
సగం సీలింగు ఫ్యాను, సగం బనీను.
యాభై రూపాయలూ కట్టాడు,
మళ్లీ నిద్రపోడానికే.
నవ్వొచ్చింది.
తర్వాత ఆ బనీను
కదలడం లేదేమో అనిపించింది.

ఆ నెలల్లో మనిషి పడుకుంటే
అందరం ముందు ఊపిరే చూసేవాళ్లం కదా.

బొమ్మలో గొడుగు గాలికి తిరగబడింది,
అన్న ఏదో అన్నాడు, తమ్ముడు వెళ్లిపోయాడు.
నేను చూడలేదు.
తపాలా బిళ్లంత చోట
తెల్ల బనీను మీద ఒక మసి మరక
ఉన్నచోటే ఉంది.
ఫ్యానూ ఆగి ఉంది.
పోయింది కరెంటా, సిగ్నలా,
ఇంకేమన్నానా.

ముందు ఫ్యాను కదిలింది.
తర్వాత మరక లేచింది.
దిగింది.
లేచింది.

పేర్లు పడ్డాయి.
విక్టోరియా టీచరు చప్పట్లు కొట్టి
మైకు గుర్తొచ్చి మళ్లీ కొట్టారు.
"చివర ఏమైంది? నాకు గొడుగు దగ్గర ఆగిపోయింది"
అని రాశాడు ఓడలో వంటవాడు.
తలా ఒక ముగింపు చెప్పారు.
పెట్టెలు ఒక్కొక్కటే ఆరిపోయాయి.
"ఇక కట్టెయ్, ఎల్లాజీ" అన్నారు సుగుణాంబ గారు, వెళ్తూ.

ఎర్ర బొత్తం మీద బాణం పెట్టి ఉంచాను.
జేబులో టార్చి ఉంది.
అక్కడ బొటనవేలు కనిపించదు.

చప్పుడుకి లేస్తాడేమోనని
హాల్లో ఫ్యాన్లు ఆపేశాను.
లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని
ఎఫ్ పదకొండు దించి కూర్చున్నాను.
హార్బరులో ఏదో బోటు దగ్గింది.

ఎంతసేపటికో
ఒక చిన్నపిల్ల ఫోనులోకి తొంగి చూసి
గుసగుసగా అడిగింది:
"బొమ్మ అయిపోనాదా?"

"లేదమ్మా," అన్నాను.
"ఇంటర్వెల్లు."